మా ఇంట్లో అమెరికన్

“ట్రంపు మిమ్మల్ని తరిమేసినాడంట గదమ్మా?” అని మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. మేం వచ్చేసింది 2023 ఏప్రిల్‌లో. అప్పుడక్కడ ఉన్నది బైడెన్. ఆ సంగతి చెబితే అడిగినవాళ్ళ మొహం చిన్నబోతుంది, కథలో ఉప్పు తగ్గినట్టు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మందిని అమృత్‌సర్‌లో దించినప్పుడైతే మా నాయనకు ఫోన్ల మీద ఫోన్లు. బేడీలు వేసి, కాళ్ళకు గొలుసులు కట్టి తెచ్చారని ఆ దిగినవాళ్ళు టీవీల్లో చెబుతుంటే చూసి, “మీ అమ్మాయోళ్ళు కూడా అట్టనే వచ్చినారా” అని.

మాకు బేడీలు లేవు. పోలీసు రాలేదు. టిక్కెట్లు మేమే కొనుక్కున్నాం. అద్దె ఇల్లు కడిగి తుడిచి తాళాలిచ్చాం, డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం. అసలు అమెరికాలో బయటికి పోయేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేసే కౌంటరే ఉండదు. డాలస్ విమానాశ్రయంలో పెట్టెల బరువు చూశారు, బోర్డింగ్ పాసులు చేతిలో పెట్టారు, అంతే. విమానం కంపెనీ ప్రభుత్వానికి పంపే జాబితాలో మా నాలుగు పేర్లూ పోయి ఉంటాయి. అందులో ఒకటి ఆ దేశ పౌరురాలిది. ఆమెకు అప్పుడు ఆరేళ్ళు దాటాయి, కొత్తగా ఊడిన పన్ను ఒకటి చిన్న డబ్బాలో పెట్టుకుని వస్తోంది.

తరమకుండానే పంపించే పద్ధతి ఒకటుంది. అది తేదీలతో నడుస్తుంది.

2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. 2023 జనవరిలో అమెజాన్ 18,000, గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 అని వరసపెట్టి ప్రకటించాయి. మా ఆయన పనిచేసిన కంపెనీ వీటిలో ఏదీ కాదు, పేపర్లో పేరెక్కేంత పెద్దదీ కాదు. పెద్దవాళ్ళు తీసేస్తుంటే చిన్నవాళ్ళకు మొహమాటం పోతుంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున పావుగంట వీడియో కాల్‌తో ఆయన ఉద్యోగం అయిపోయింది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ వాళ్ళు పిటిషన్ వెయ్యాలి, లేదంటే వేరే హోదాకు మారాలి, రెండూ కాకపోతే దేశం వదలాలి. 2017 జనవరిలో ఈ నియమం అమల్లోకి రాకముందు ఆ 60 రోజులు కూడా రాతలో లేవు కాబట్టి ఇది దయే అనుకోవాలని మా మిత్రుడొకాయన అనేవాడు. ఆయనకు గ్రీన్ కార్డు వచ్చేసింది లెండి.

నాది హెచ్4. ఆయన వీసా ఉంటేనే నాదీ ఉంటుంది. గ్రీన్ కార్డు వరసలో ఐ-140 దాకా ఆమోదమైన వాళ్ళ భార్యలు, భర్తలు పనిచేసుకోవచ్చని 2015లో ఒక నియమం తెచ్చారు. దాని పుణ్యాన నేనొక చిన్న ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. ఆయన ఉద్యోగం పోతే, నా ఉద్యోగానికి ఏ లోటూ లేకపోయినా, అదీ పోతుంది. మా పెద్దాడు 2010లో నెల్లూరులో పుట్టాడు. నడక కూడా సరిగ్గా రాని వయసులో అక్కడికి తీసుకుపోయాం. వాడిదీ హెచ్4. చిన్నది 2016లో టెక్సస్‌లో పుట్టింది. ఆ దేశపు రాజ్యాంగంలోని 14వ సవరణ ప్రకారం పుట్టుకతోనే అమెరికన్. నలుగురిలో గడువు లేనిది ఆ ఒక్కదానికే. షూ లేసులు కట్టుకోవడం అప్పటికింకా దానికి రాదు.

“పాప సిటిజనే కదా, మీకేం భయం?” అన్నారు చాలామంది. ఊళ్ళోవాళ్ళు అంటే అర్థం చేసుకోవచ్చు. అక్కడే పదేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళు కూడా అన్నారు. పౌరురాలైన బిడ్డ ఉంటే తల్లిదండ్రులను ఉండనిస్తారని ఏదో ఒక నమ్మకం. అరగంటకు ఇంత అని తీసుకునే ఇమిగ్రేషన్ లాయరమ్మ దగ్గర కూర్చున్నప్పుడు నేనూ ఆ ప్రశ్నే అడిగాను. ఆవిడ కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే చెప్పింది: పౌరులు తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టాలంటే వాళ్ళకు 21 ఏళ్ళు నిండాలి. చిన్నదానికి 21 నిండేది 2037లో.

పెద్దాడికి 21 నిండేది 2031లో. వాడి విషయంలో ఆ సంఖ్య అడ్డం తిరుగుతుంది. 21 దాటితే కొడుకు మా దరఖాస్తు మీద ఆధారపడిన పిల్లవాడు కాడు, వరసలోంచి బయటికి పోతాడు. దీన్నే ఏజ్ అవుట్ అంటారు. ఆ వరస సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగాల ఆధారంగా అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. భార్యాపిల్లలనూ అందులోనే లెక్కిస్తారు. ఒక్కో దేశానికి అందులో 7 శాతం మించకూడదు, ఐస్‌లాండ్‌కైనా ఇండియాకైనా అదే కొలత. మా ఆయన దరఖాస్తు తేదీ 2015 అక్టోబరు. 2023 జనవరి వీసా బులెటిన్‌లో మేమున్న ఈబీ-2 ఇండియా వరస 2011 అక్టోబరు దగ్గర ఆగి ఉంది. నాలుగేళ్ళే కదా తేడా అనిపిస్తుంది. అది ముందుకు పోయినట్టే పోయి వెనక్కి నడిచే వరస. 2022 చివర్లో 2012 నుంచి 2011కి జారింది మా కళ్ళముందే. అంటే ఉద్యోగం ఉన్నా మాకు తెలిసి వచ్చే రోజు ఒకటి ఎదురుగా కూర్చునే ఉంది. కొడుకును పెంచినంత కాలం పెంచి, ఇరవై ఒకటో పుట్టినరోజున వాడికి వేరే వీసా వెతకాలి. ఉద్యోగం పోవడం దాన్ని ముందుకు లాగింది.

ఆ రోజుల్లో ఎక్కువగా నలిగింది భయం వల్ల కాదు, మంచితనం వల్ల. మా ఆయన స్నేహితుడి కుటుంబం డాలస్ శివారులో మేమున్న ఫ్రిస్కోలోనే ఉంటారు. ఇద్దరికీ పౌరసత్వం వచ్చింది. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, చేతులు కడుక్కుంటుండగా ఆవిడ మెల్లగా అంది: “చిన్నదాన్ని మా దగ్గర వదిలెయ్యండి. బడి మధ్యలో మానిపించడం ఎందుకు? మీరు కుదురుకున్నాక చూద్దాం.” మనస్ఫూర్తిగానే అంది. అట్లా వదిలిన కుటుంబాలు ఉన్నాయి కూడా. నోటరీ దగ్గర సంతకం పెట్టిన కాగితం ఒకటి చాలు, బడివాళ్ళకూ డాక్టరుకూ పనికొస్తుంది. మా ఆయన ఆ రాత్రి ఆ ఫారం డౌన్‌లోడ్ చేశాడు. చేసి, ప్రింటు తియ్యకుండా లాప్‌టాప్ మూసేశాడు.

అది పెద్దాడు చూశాడు. మర్నాడు చెల్లెలితో ఏదో దెబ్బలాటలో, “నువ్వు అమెరికన్‌వి, నువ్వు ఉండొచ్చు, మేం ముగ్గురం పోవాలి” అనేశాడు. అది ఏడవలేదు. నా దగ్గరకొచ్చి అడిగింది: “అయితే నాకు అన్నం ఎవరు పెడతారు?”

హక్కుల గురించి చాలామంది చాలా రాశారు. నాకు మాత్రం దానికి మించిన ప్రశ్న కనబడలేదు. ఆరేళ్ళ పిల్లకు దేశంలో ఉండే హక్కంటే అన్నం కలిపి పెట్టేవాళ్ళతో సహా ఉండే హక్కు. చట్టం దాన్ని ఒంటరి పెద్దమనిషికి ఇచ్చినట్టు ఇచ్చింది. పిల్లను వెళ్ళగొట్టదు, ఆ చెయ్యిని వెళ్ళగొడుతుంది. తర్వాత పిల్ల దానంతటదే వెళ్ళిపోయిందంటుంది.

విజిటర్ హోదాకు మారి ఇంకొన్ని నెలలు ఉండి వెతుక్కోవచ్చని, ఆ మార్గం మీద ఆ వసంతంలోనే అధికారులు స్పష్టత ఇచ్చారని కొందరు చెప్పారు. నిజమే. అయితే జీతం లేకుండా డాలస్‌లో నలుగురం ఎన్ని నెలలు బతకగలమో లెక్కవేసే పని నాది, అది నా వృత్తి. లెక్క తేలింది. కారు అమ్మాం, సోఫా ఊరికే ఇచ్చేశాం, బియ్యం కుక్కరు మాత్రం ఎందుకో తెచ్చుకున్నాం.

భారత పాస్‌పోర్టు ముదురు నీలం. అమెరికాదీ ముదురు నీలమే. చెన్నైలో దిగి వరసలో నిలబడ్డప్పుడు బ్యాగులోంచి ఒక్కొక్కటే తీసి ఎవరిది ఎవరిదో చూసుకోవాల్సి వచ్చింది. చిన్నదానికి దాంతోపాటు ఓసీఐ పుస్తకం కూడా ఉంది. పేరు ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అయినా అది పౌరసత్వం కాదు. జీవితకాలం చెల్లే వీసా లాంటిది. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు భారత పౌరులు కారని రాజ్యాంగం 9వ అధికరణం. రెండు దేశాలకూ ఒకేసారి చెందడం మనకు కుదరదు. 2005లో చట్టం సవరించి ఈ ఓసీఐని తెచ్చారు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే వీలు లేదు, వచ్చిపోవడానికి అడ్డు లేదు. 2017లో చెవులు కుట్టించడానికి దాన్ని ఊరికి తెచ్చినప్పుడు తీసుకున్నాం. ఆ తేదీ మాకు కలిసొచ్చింది. 2021 మార్చి 4 నాటి ప్రభుత్వ నోటిఫికేషన్ ఓసీఐ పిల్లలను నీట్ లాంటి పరీక్షల్లో ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. ముందునుంచీ కార్డు ఉన్నవాళ్ళకు దాన్ని వర్తింపజెయ్యకూడదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 3న చెప్పింది. మా ఆయన ఉద్యోగం ఊడబోతున్న రోజుల్లో ఢిల్లీలో ఎవరో మా పిల్ల డాక్టరు చదువు గురించి తీర్పు రాస్తున్నారని మాకేం తెలుసు.

మా ఊరు నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో లోపలికి. ఒక పక్క పెన్నా నీళ్ళతో పారే మాగాణి, ఇంకో పక్క రొయ్యల గుంటలు. రాత్రిళ్ళు ఏరియేటర్లు తిరిగే చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. నాయనకు రెండెకరాల మాగాణి సొంతం, ఒక గుంట కౌలుకు. టైగర్ రొయ్య కాలంలో, తొంభైల్లో, తెల్లమచ్చ తెగులొచ్చి అంతా తుడిచిపెట్టుకుపోతే మళ్ళీ వరికి మళ్ళాడు. వెనామీ రొయ్య వచ్చాక మళ్ళీ గుంట కట్టాడు. ఆ గుంటల్లో రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకే. ఫ్రిస్కోలో సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టిన రొయ్యల సంచి వెనక ‘ఇండియా’ అని కనబడితే నాయనకు ఫొటో తీసి పంపేదాన్ని. “మందేనేమో చూడు” అనేవాడు, కౌంటు చెప్పమనేవాడు.

మేం దిగింది మండే ఎండల్లో. అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. చిన్నది ముళ్ళు చూసి భయపడి రెండు ముద్దలు తిని నీళ్ళు తాగింది. ఎదురింటామె వచ్చి కూర్చుంది. ఆమె కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసి 2018 క్షమాభిక్షలో వచ్చేసిన మనిషి. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతే ఎంబసీ వాళ్ళిచ్చిన ఔట్‌పాస్ కాగితంతో వచ్చింది. మా సంగతంతా విని, చిన్నదాని గడ్డం పట్టుకుని, “నా బిడ్డను ఇక్కడ మా యమ్మ కాడ పడేసి పోయినా. నేనొచ్చేసరికి నన్ను అక్కా అనింది. నువ్వు ఎంటబెట్టుకోని వచ్చినావు, అది చాలు పో” అంది. ఆమె దగ్గర మా కష్టం చెప్పుకోవడానికి ఆ తర్వాత నాకు నోరు రాలేదు.

పెద్దాడి సంగతి తేలిగ్గా అయిపోయింది. నెల్లూరు కార్పొరేషన్ జనన ధ్రువపత్రం, భారత పాస్‌పోర్టు, ఆధార్. నెల్లూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఎనిమిదో తరగతి. వాడికి తెలుగు చదవడం రాదు గానీ కాగితాల్లో వాడు ఇక్కడివాడు. చిన్నది అక్షరాలు తొందరగా పట్టేసింది, నెలరోజుల్లో “యాడికి పోతుండావు తాతా” అనడం నేర్చుకుంది, అయినా ప్రతి ఫారంలో దాని దగ్గర పెన్ను ఆగేది.

నాయనకు ఇది మొదట అర్థమైంది పోస్టాఫీసులో. ఆడపిల్ల పుడితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలని ఊళ్ళో అందరికీ తెలుసు. 2015లో వచ్చిన పథకం, పదేళ్ళలోపు ఆడపిల్లలకు. మనవరాలు వచ్చింది కదా అని ఒక సోమవారం నన్నూ దాన్నీ స్కూటరెక్కించుకుని బయల్దేరాడు. కౌంటరు దగ్గర కుర్రవాడు జనన ధ్రువపత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. టెక్సస్ రాష్ట్రం ముద్ర. “పాపది ఇండియన్ పాస్‌పోర్టేనా మేడం?” అన్నాడు. కాదన్నాను. “అయితే కుదరదండీ, భారత పౌరులై ఇక్కడ నివాసముండే ఆడపిల్లలకే” అని మర్యాదగానే చెప్పాడు.

నాయన గొంతు పెంచాడు. “ఇది నా కూతురి బిడ్డ. నా ఇంట్లో ఉండాది. ఇంకెక్కడుండాది నివాసం?”

“నివాసం కాదు పెద్దాయనా, పౌరసత్వం.”

వెనక్కి వస్తూ స్కూటర్ మీద నాయన మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో, “అమెరికావోడు దాన్ని మా పిల్ల అంటాడు, అమ్మానాయనను పొమ్మంటాడు. మనోడు అమ్మానాయనను మావోళ్ళంటాడు, పిల్లను కాదంటాడు. ఇద్దరూ కలిసి ఒక సంసారాన్ని సరిగ్గా లెక్కపెట్టలేక పోయినారు” అన్నాడు. నేనైతే ఇంత బాగా చెప్పలేను.

బడిలో ప్రార్థన సమయంలో ప్రతిజ్ఞ ఉంటుంది కదా. టెక్సస్‌లో రోజూ పొద్దున్నే గుండె మీద చెయ్యిపెట్టి అమెరికా జెండాకు ఒక ప్రతిజ్ఞ, ఆ వెంటనే టెక్సస్ జెండాకు ఇంకోటి. రెండూ దానికి నిద్రలో లేపినా వచ్చు. ఇక్కడ మూడోది. మన ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. దేశమంతా చదివే ఆ మాటలు తెలుగువాడివని మన పిల్లలకే చాలామందికి తెలియదు. మా చిన్నదానికి ఆ సంగతి కన్నా అందులో మొదటి వాక్యమే పెద్ద చిక్కు తెచ్చింది. టీచరును పోయి అడిగిందట, నేను ఇది అంటే అబద్ధమవుతుందా అని. టీచరు కాసేపు ఆలోచించి, “రెండో వాక్యం నుంచి గట్టిగా చెప్పు తల్లీ” అన్నారట. రెండో వాక్యంలో అందరూ తోబుట్టువులనే కదా ఉంటుంది. ఆ టీచరమ్మను నేనింతవరకూ కలవలేదు. రాజ్యాంగ ధర్మాసనంలో కూర్చోవలసిన మనిషి.

జూలై చివర రొట్టెల పండగ వచ్చింది. మొహర్రం అప్పుడు నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్ళు ఆ పేరుతో రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు మరుసటేడు అదే పేరుతో రొట్టె ఇస్తారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె అని కేకలేసుకుంటూ ఉంటారు, ఏ మతమని ఎవరూ అడగరు. మా ఆయన అమెరికా పోకముందు అమ్మ అక్కడ ఉద్యోగం రొట్టె తీసుకుంది, మరుసటేడు తనే ఇచ్చింది. ఇప్పుడు నన్ను లాక్కుపోయింది. మోకాలి లోతు నీళ్ళల్లో చీరకొంగు తల మీద వేసుకుని నిలబడ్డాక అడిగాను, ఎక్కడి ఉద్యోగమని మనసులో అనుకోవాలమ్మా అని. “ఉద్యోగం అనుకో. ఊరి పేరు చెప్పబాక” అంది. నాకు రొట్టె ఇచ్చిన అమ్మాయి బురఖాలో ఉంది, వాళ్ళ తమ్ముడికి బెంగళూరులో వచ్చిందట. సగం నేను తిన్నాను, సగం మా ఆయనకు తెచ్చాను. దసరాకు ముందే ఆయనకు చెన్నైలో ఉద్యోగం దొరికింది, అమెరికా జీతంలో అయిదో వంతుకు. శుక్రవారం రాత్రి రైలుకు వస్తాడు, ఆదివారం సాయంత్రం పోతాడు. అమ్మ 2024లో రొట్టె ఇచ్చేసింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను. బాపట్ల దగ్గర 5వ తేదీన తీరం దాటేముందు అది మా తీరానికి దగ్గర్లోనే మెల్లగా జరుగుతూ పోయింది. కరెంటు పోయింది. గుంట కట్ట తెగకుండా నాయన, పాలేరు ఇసుక బస్తాలు వేస్తున్నారు, ఏరియేటర్లకు డీజిల్ కోసం వేట. గాలి హోరు పెరిగేసరికి చిన్నది కనబడలేదు. ఇల్లంతా వెతికితే బాత్రూములో ఉంది. సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, దిండు నెత్తి మీద పెట్టుకుని, గోడకు ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. టోర్నడో వస్తే అట్లా చెయ్యాలని టెక్సస్ బడిలో నేర్పారు. తడిసి ముద్దయి వచ్చిన నాయన దాన్ని చూసి, “ఏందిమే ఈ అవతారం?” అన్నాడు. అది విడమరిచి చెప్పింది. ఆయన సాంతం విని, “మీ గాలి అట్టా వచ్చి ఇట్టా పోయేది. ఇది మన తుఫాను. రెండు దినాలు కూర్చుంటుంది. బయటికి రా, బజ్జీలు తిందాం” అన్నాడు.

2025 మళ్ళీ ఆ దేశాన్ని ఇంట్లోకి తెచ్చింది. జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు పుట్టే పిల్లలను ఇకపై పౌరులుగా గుర్తించవద్దని. కోర్టులు వెంటనే ఆపాయి. ఆ ఉత్తర్వు చెప్పిన గడువు లోపే కాన్పు చేయించమని గర్భిణులు డాక్టర్లను అడుగుతున్నారని అప్పుడు పత్రికల్లో వచ్చింది. అది ముందు పుట్టబోయేవాళ్ళ సంగతి, మా చిన్నదానికి తగలదు. అయినా పెద్దాడు రోజూ చదివి చెప్పేవాడు. పదిహేనేళ్ళ వయసు, చెల్లెలి కాగితం గురించి చెల్లెలికన్నా వాడికే పట్టింపు. వాంగ్ కిమ్ ఆర్క్ కథ వాడే చెప్పాడు దానికి. 1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు మా పౌరుడివి కాదని రేవులోనే ఆపేశారు. 1898లో సుప్రీంకోర్టు ఆయన పౌరుడేనంది. ఈనాటి పుట్టుక హక్కుకు ఆ తీర్పే ఆధారం.

చిన్నది అంతా విని, “ఆయన ఓడలోనే ఉన్నాడా అన్ని రోజులు?” అంది. కొన్ని నెలలు ఓడల్లోనే ఉంచారని పెద్దాడు చెప్పాడు. దాంతో అది పాస్‌పోర్టు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళే చెల్లుతుంది, 2026లో మళ్ళీ తీసుకోవాలి. పదహారేళ్ళలోపు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ సమ్మతించాలి. మాకు చెన్నై మూడు గంటలే, కానీ ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ కాన్సులేట్ పరిధి. అమెరికా మమ్మల్నిద్దరినీ కలిపి అడిగేది ఈ ఒక్క సంతకం కోసమే.

2025 ఆగస్టు 27న అమెరికాలో భారత సరుకు మీద సుంకం 50 శాతానికి పెరిగింది. రొయ్య కొనేవాళ్ళు రేటు తగ్గించేశారు, కొందరు రావడమే మానేశారు. సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన. మా ఆయన పాత మేనేజరొకాయన మళ్ళీ తీసుకుంటానని అంతకుముందు నుంచీ మాట్లాడుతున్నాడు, ఆ మాటలు అక్కడితో ఆగాయి. నాయన రెండు వార్తలూ ఒకే గుక్కలో విన్నాడు. “మనిషి పోవాలన్నా కట్టమంటాడు, రొయ్య పోవాలన్నా కట్టమంటాడు. ఇంక మనమే తినేద్దాం” అన్నాడు. ఆ వారం నిజంగానే రొయ్యల ఇగురు ఎక్కువైంది ఇంట్లో.

గుంట కౌలు వదిలేద్దామా అన్న ఆలోచనతోపాటే భూమి సంగతి వచ్చింది. ఉన్న రెండెకరాలూ పిల్లలిద్దరికీ చెరొక ఎకరం ఇప్పుడే రాసేస్తే తన బాధ్యత తీరిపోతుందని నాయన పట్టు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసే ఆయన మాకు దూరపు చుట్టం, నాయనకు బావ వరస. కాగితాలు చూసి కళ్ళజోడు తీశాడు. మనవడికి ఇబ్బంది లేదు, గిఫ్టు దస్తావేజు రాసేయొచ్చు. మనవరాలు విదేశీ పౌరురాలు. ఓసీఐ ఉన్నవాళ్ళు ఇల్లు కొనుక్కోవచ్చు, స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనడానికీ లేదు, బహుమతిగా పుచ్చుకోవడానికీ లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు.

“అంటే?” అన్నాడు నాయన.

“అంటే వీలునామా రాస్తే, నీ తదనంతరం ఆమెకు వస్తుంది బావా.”

“నేను చస్తేగానీ నా మనవరాలికి ఎకరం రాదా?”

“చట్టం అట్టుండాది మరి.”

చిన్నది అక్కడే బెంచీ మీద కూర్చుని చెరుకురసం తాగుతోంది. పాయింటు అర్థమైనట్టుంది, గ్లాసు కింద పెట్టి, “అన్నకు ఇప్పుడే ఇస్తావా తాతా?” అంది. దస్తావేజులాయన నవ్వు ఆపుకుంటూ, మనవడికి గిఫ్టు, మనవరాలికి వీలునామా, రెండూ ఇవాళే చేసేద్దామా, వీలునామాకు స్టాంపు ఖర్చు కూడా ఉండదన్నాడు.

నాయన దాని వైపు ఒకసారి చూసి, చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. “ఇద్దరికీ వీలునామాయే రాయి బావా. వాడికి ఇప్పుడిచ్చి దీనికి నేను పోయినాక అంటే, ఇది పొద్దస్తమానం నా మొహం చూసి ఎప్పుడెప్పుడా అని లెక్కపెడతాది.”